ఎర్ర రబ్బరు గొట్టం

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే చదివేవాళ్ళు సరిచేసుకుని చదువుకోవాలి. నా చెయ్యి నెమ్మది. ఇది రాయడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఇందులో కొంత నేను కళ్ళతో చూసింది, ఎక్కువ నాగులమ్మక్క నోట విన్నది. ఆమెకు రాయడం రాదు. అందుకని ఆమె వైపు నుంచి నేను రాస్తున్నాను.

సోమవారం పొద్దున ఏసోబు మోటారుసైకిలు తోసుకుంటూ వచ్చేసరికి నాగులమ్మ షెడ్డు ముందు కూర్చుని బూడిద జల్లిస్తోంది. ఆ తాటాకు షెడ్డు నేలంతా ఆయిలు మరకలే. సాయంత్రం పని ముగిశాక ఊడ్చి, మరకల మీద మెత్తటి బూడిద చల్లడం, పొద్దున్నే దాన్ని ఎత్తెయ్యడం ఆమె అలవాటు. మాచవరం నుంచి నడికుడి వెళ్ళే బాట పక్కన మరమ్మతుల షెడ్డు అదొక్కటే. బావి మీద ఆయిలింజను ఆగిపోయినా, సైకిలు చక్రం వంగిపోయినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమె మొగుడు పిచ్చియ్య దగ్గరికే రావాలి.

"అన్న లేడా అక్కా?" అన్నాడు ఏసోబు, బండిని స్టాండు మీదకి ఎక్కిస్తూ.

"గుంటూరు పోయాడు, ఇంజను పంపుకి తోలు వాషర్లు తేవడానికి. రేపు మజ్జానం రైలుకి దిగుతాడు. ఏమైంది దీనికి?"

"దీనికేం కాలా. నాకే అయింది."

అతను ఊళ్ళో మోతుబరి నరసింహారావు గారి దగ్గర పనివాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బళ్ళలో ఒకటి ఆయన కొన్నారు. అప్పటి నుంచి దాన్ని తుడవడం, తొయ్యడం, వసారాలో దాని పక్కనే పడుకుని కాపలా కాయడం ఏసోబు పని. పెట్రోలు కూపన్ల మీద కొద్దికొద్దిగా దొరికే రోజులు. ఆ బండికి ఉన్నంత కాపలా ఆ ఇంట్లో ధాన్యం కొట్టుకి కూడా లేదు.

ఏమైందో ఏసోబు చెప్పేలోపే నరసింహారావు గారు గొడుగు వేసుకుని వెనకే వచ్చారు. చేతిలో జానెడున్నర కందిపుల్ల ఉంది. దాని మీద చాకుతో వరసగా గాట్లు పెట్టి ఉన్నాయి. ట్యాంకీ మూత తిప్పి, పుల్ల లోపలికి దించి, పైకి తీసి నాగులమ్మకు చూపించారు.

"లెక్కబెట్టు."

"ఏడండయ్యా."

"నిన్న పొద్దుగూకేటప్పుడు తొమ్మిది. బండి కదల్లేదు. వసారాలో పడుకునేది వీడొక్కడే. వారం పది రోజుల నుంచి ఇదే వరస. ఒరేయ్, నడికుడిలో లారీల వాళ్ళకి పోసి వత్తన్నావని నాకు తెలవదనుకున్నావా?"

"నేను తియ్యలేదయ్యా."

"మరి బండి తాగిందా? అదేమన్నా కల్లా?" ఆయన నాగులమ్మ వైపు తిరిగారు. "ఎందుకైనా మంచిది, పిచ్చియ్య రాగానే పంపు చూడమను. పంపు చెడితే పెట్రోలు తినేస్తదని నరసరావుపేటలో ఒకాయన చెప్పాడు. చెడితే మార్చమను."

నాగులమ్మ నవ్వు ఆపుకుంది. "దీనికి పంపు లేదండయ్యా. ట్యాంకీ పైనుంది, కార్బరేటరు కిందుంది. మద్దెన గొట్టం. పైనున్నది కిందకి దిగుద్ది, అంతే."

"నీకెట్టా తెలుసు?"

"ఆయన చెబుతుంటే విన్నా."

విని నేర్చుకున్న మాట కాదది. పన్నెండు రోజుల కిందట ఆ బండి రాగి గొట్టం అదురుకి నట్టు దగ్గర పగిలితే, పిచ్చియ్య చలిజ్వరంతో దుప్పటి కింద వణుకుతున్నాడు. మర్నాటికల్లా బండి కావాలని కబురు. నాగులమ్మే పగిలిన చోట కోసి, రెండు చివరలా మిగిలిన రాగి ముక్కల మీదకి రబ్బరు గొట్టం తొడిగి తీగతో బిగించింది. సంతలో ఆస్పత్రి పాత సామాను అమ్మేవాడి దగ్గర కొన్న ఎర్ర గొట్టం అది. మర్నాడు పొద్దున నరసింహారావు గారు వచ్చి పని బాగుందని పిచ్చియ్యను మెచ్చుకున్నారు. పిచ్చియ్య దుప్పటిలోంచే దణ్ణం పెట్టాడు.

"గురువారం పొద్దున అంకమ్మ గుడి ముందర కర్పూరం ఆర్పరా," అన్నారు నరసింహారావు గారు ఏసోబుతో. "తియ్యలేదని చెప్పి ఆర్పితే నేను మళ్ళీ నోరెత్తను. ఆర్పకపోతే నా దొడ్లో గుడిసె విప్పుకుని పో."

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో అణిచి మాట చెబితే ఆ మాట అమ్మవారికి చెప్పినట్టే. అబద్ధం చెప్పి ఆర్పినవాడి ఇంటికి చెరుపు. ఆ వైపు ఊళ్ళలో గట్టు తగాదాలు, కోడి తగాదాలు అన్నీ అలాగే తెగేవి. ఆర్పనన్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే లెక్క.

ఏసోబు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను ఆర్పకూడదయ్యా. మా నాయన నాటి నుంచి మేము కిరస్తానం. మాకు ప్రమాణాలు లేవు. తియ్యలేదన్నానంటే తియ్యలేదే."

"తియ్యనోడికి భయమెందుకురా?"

"భయం కాదయ్యా."

"ఇంకేందిరా మరి?"

ఏసోబు తలగుడ్డ దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

"బండి ఇక్కడే ఉంటది. వీడు ముట్టుకోడానికి లేదు," అని ఆయన కందిపుల్ల నాగులమ్మ చేతిలో పెట్టారు. "ఏడు గాట్లు. గుర్తుంచుకో."

మంగళవారం తెల్లారి నాగులమ్మ షెడ్డు తడిక తీసి, ముందుగా పుల్ల దించి చూసింది. అయిదున్నర.

తుడిచి మళ్ళీ దించింది. అయిదున్నరే. తడికకు అడ్డంగా నులకమంచం వేసుకుని రాత్రంతా పడుకున్నది ఆమే. మూత బిగువుగానే ఉంది. ట్యాంకీ కింద చెయ్యి పెట్టి తడిమింది, తడి లేదు. ఇంజను కింద నేల చూసింది, పొడిగా ఉంది. పెట్రోలు వాసన ఉంది గాని షెడ్డులో ఆ వాసన ఎప్పుడూ ఉండేదే.

ఎత్తేద్దామని చీపురు తీసుకుని వంగినప్పుడు కనిపించింది. రాత్రి చల్లిన బూడిదలో, సరిగ్గా కార్బరేటరు కింద, కందిగింజంత గుంట. చుట్టూ బూడిద సన్నగా లేచి అంచు కట్టింది. తడి మాత్రం లేదు. ఆమె చీపురు పక్కన పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఎర్ర గొట్టం కింది చివర, తీగ చుట్టిన చోట, ఆవగింజంత బొట్టు ఊరింది. ఊరి ఊరి మినపగింజంత అయింది. ఊడి గుంటలో పడింది. ఆమె ఒకటి నుంచి ఇరవై రెండు లెక్కపెట్టేసరికి ఇంకోటి పడింది. పడ్డ బొట్టు తడి చూస్తుండగానే ఆరిపోయింది.

గొట్టాన్ని వేళ్ళతో పట్టుకుంటే నానబెట్టిన తోలులా మెత్తగా ఉబ్బి ఉంది. ఉబ్బిన రబ్బరును తీగ లోపలికంటా కోసేసింది. వేళ్ళకు ఎర్ర జిగట అంటుకుంది. ట్యాంకీ కింద కుళాయి కట్టేసే ఉంది. అయినా దిగుతోందంటే కుళాయి లోపలి బెండు బిరడా ఎండి సందు ఇచ్చిందన్నమాట. నీళ్ళకీ మందులకీ పనికొచ్చే రబ్బరు పెట్రోలుకి ఆగదని పన్నెండు రోజుల కిందట ఆమెకు తెలియదు. చెప్పేవాళ్ళు లేరు. అడిగే తీరిక లేదు.

ఏసోబు పడుకునే వసారా నేల ఆమెకు గుర్తొచ్చింది. అక్కడంతా ఊక పరిచి ఉంటుంది. ఊకలో గుంటలు పడవు.

సత్తు గిన్నె ఒకటి తెచ్చి బొట్టు కింద పెట్టింది. చేతికంటిన జిగట మట్టితో తోముకుంటూ ఉండగా ఏసోబు పెళ్ళాం శాంతమ్మ వచ్చింది. చంకలో ఏడాది పిల్ల.

"నాగులమ్మక్కా, మోకు ఏమన్నా ఉందా? వాసాలు కట్టుకుపోడానికి. రేపిచ్చేత్తా."

"అప్పుడే విప్పుతున్నారా?"

"ఆర్పేది లేదంటన్నాడుగా ఆయన. గురువారం దాకా ఆగి అందరి ముందరా విప్పేదేంది? తాటాకు సగం దించేశా." శాంతమ్మ బండి వైపు చూసింది. "దీని కన్నా గేదె నయం. పాలన్నా ఇచ్చేది. అక్కా, ఆయన తియ్యలేదని నాకెట్టా తెలుసో చెప్పనా? ఆయనకి అమ్మడం రాదు. మొన్న బుట్టెడు దొండకాయలు అమ్ముకురమ్మని పంపితే బజారంతా పంచి, బుట్ట కూడా మరిచిపోయొచ్చాడు. ఆయన పెట్రోలు అమ్మడమేంది?"

నాగులమ్మ నవ్వలేకపోయింది. గొట్టం సంగతి చెప్పకుండానే మోకు తీసి ఇచ్చింది. శాంతమ్మ పిల్లను రెండో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పిచ్చియ్య వచ్చి భోజనానికి కూర్చోగానే ఆమె చెప్పింది. అతను ముద్ద కలుపుతూనే విన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళి గొట్టం చూశాడు, గిన్నె చూశాడు, వచ్చి కూర్చున్నాడు.

"ఇయ్యాలే రాగిది ఏసేద్దాం. రేపటి నుంచి తగ్గదు. గొడవ దానంతటదే సద్దుమణుగుద్ది."

"ఏసోబు సంగతేంది మావా?"

"ఆర్పమను. చెయ్యి అణిచితే ఏం పోయింది వాడికి?"

"ఆర్పడు."

"ఆర్పకపోతే నన్నేం చెయ్యమంటావే? ఆయన బావులు మూడిటి మీదా ఇంజన్లు నా చేతిలో ఉన్నయ్యి. నా పేరు చెప్పి ఆడదాని చేత పని చేయించానని తెలిస్తే రేపటి నుంచి ఈ బాటన ఒక్క సైకిలు ఆగదు. అందరూ నరసరావుపేట పోతారు. ఏం తింటాం?"

"శాంతమ్మ పొద్దున మోకు అడిగి తీసుకపోయింది. ఇచ్చా. నా చేత్తోనే ఇచ్చా."

పిచ్చియ్య చెంబు ఎత్తి నీళ్ళు తాగాడు.

"ఆ రాగి గొట్టం ఇయ్యాల వెయ్యను," అంది నాగులమ్మ. "ఆయన ముందరే మారుత్తా. ఏసింది నేనే, తియ్యాల్సింది నేనే."

"నీకు మతి పోయింది," అని అతను కండువా వేసుకుని బయటికి వెళ్ళాడు.

బుధవారం పిచ్చియ్య నరసింహారావు గారి మెట్ట బావి దగ్గర పంపుకు కొత్త వాషర్లు వెయ్యడానికి వెళ్ళాడు. నాగులమ్మ షెడ్డులో ఉండి, గిన్నెలో చేరినంత పెట్రోలు ట్యాంకీలో పోస్తూ వచ్చింది. చాలా వరకు చేరేది, కొంత గాలికి పోయేది. పొద్దువాలే వేళకు పిచ్చియ్య వచ్చి కాళ్ళు కడుక్కుని, గుంటూరు నుంచి తెచ్చిన సంచీ విప్పాడు. అందులోంచి మూరెడు రాగి గొట్టం తీసి ఆమె ముందు పెట్టాడు.

"దీన్ని బారుగా ఏస్తే అదురుకి మళ్ళీ పగులుద్ది," అన్నాడు, ఆమె వంక చూడకుండా. "మద్దెలో ఒక చుట్టు తిప్పు. చుట్టు ఉంటే అదురంతా అది మింగుద్ది."

"ఏసోబు వాళ్ళకేమన్నా చెప్పావా?"

"ఆ దోవనే వచ్చా. ఏసోబు గుడిసెకి తాటాకు లేదు. పిల్ల ఎండన పడుకుని ఉంది." అతను చిన్న పానా, పెద్ద పానా, ఆకురాయి, మాటు వేసే కడ్డీ ఒక్కొక్కటే తుడిచి సంచీలో సర్దాడు. "కుంపటి నేను మోసుకొస్తాలే."

గురువారం అంకమ్మ గుడి ముందు ముప్పై నలభై మంది చేరారు. ఏసోబు చేతులు కట్టుకుని ఓ పక్క నిలబడ్డాడు. శాంతమ్మ చుట్టిన చాప, కుండా పక్కన పెట్టుకుని పిల్లతో కూర్చుంది. నరసింహారావు గారి తల్లి మహాలక్ష్మమ్మ గారు అరుగు మీద పీట వేయించుకుని కూర్చున్నారు. పూజారి అంకమ్మరావు ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు.

"నా బండిలో పెట్రోలు ఏసోబు తీశాడు. ఇది నా మాట," అన్నారు నరసింహారావు గారు అందరికీ వినపడేలా. "కాదంటే వాడొచ్చి ఆర్పాలి."

ఏసోబు కదల్లేదు.

అప్పుడు నాగులమ్మ బండి తోసుకుంటూ వచ్చింది. దారిచ్చినవాళ్ళ మధ్యలోంచి వచ్చి, గుడి ముందు స్టాండు వేసింది. ఆమె వెనక పిచ్చియ్య సంచీతో నిలబడ్డాడు. కుంపటి దూరంగా, దిబ్బ అవతల పెట్టి వచ్చాడు.

"ఏసోబు తియ్యలేదండయ్యా. గొట్టం కారుతుంది. ఆ గొట్టం ఏసింది నేను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో నవ్వారు. "రేపు రైలు కూడా నడుపుద్దేమో" అని ఇంకెవరో అన్నారు.

"నువ్వేశావా?" నరసింహారావు గారు కూడా నవ్వారు. "ఏం పిచ్చియ్యా, నీ పెళ్ళానికి ఏసోబు మీద జాలి పుట్టినట్టుందే. దొంగని కాయడానికి ఎంత మాటన్నా ఆడేటట్టుంది."

"జొరంతో పడున్నానయ్యా ఆ రోజు," అన్నాడు పిచ్చియ్య. అతని గొంతు సన్నగా వచ్చింది. "ఏసింది అదే. మీరు మెచ్చుకుంది దాని పనినే."

నవ్వులు ఆగలేదు. ఒప్పుకున్న తప్పును కూడా నమ్మరని నాగులమ్మకు తెలియదు. ఆమె ఇంకేమీ చెప్పకుండా కొంగున కట్టుకొచ్చిన బూడిద విప్పి, కార్బరేటరు కింద పరిచి, అరచేత్తో చదును చేసింది.

"ఇటు వచ్చి చూడండయ్యా. ఇరవై లెక్కపెట్టండి."

నరసింహారావు గారు పంచె ఎగ్గట్టి వంగారు. ఆయన వంగారని చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. పళ్ళెం పట్టుకున్న అంకమ్మరావుకు కూడా చూడాలనిపించింది. మంటతో సహా ఆయన పక్కనే వంగాడు.

"ఆర్పండి! పెట్రోలు!" అని పిచ్చియ్య అరిచాడు.

అంకమ్మరావు బిగుసుకుపోయాడు. మంటకి అందరికన్నా దగ్గర ఉన్నది నరసింహారావు గారు, బండి ఆయనది. ఆయన చెయ్యి చాచి, అరచేత్తో పళ్ళెంలో కర్పూరాన్ని అణిచేశారు.

సన్నటి పొగ లేచి పోయింది. ఎర్ర గొట్టం నుంచి బొట్టు ఊడి బూడిదలో పడింది. గుంట పడింది. అందరూ చూశారు.

ఆయన చెయ్యి పళ్ళెం మీదే ఉంది.

"అబ్బాయ్," అన్నారు మహాలక్ష్మమ్మ గారు అరుగు మీద నుంచి, మెల్లగా. "మాట చెప్పింది నువ్వే. ఆర్పిందీ నువ్వే."

నరసింహారావు గారు చెయ్యి తీసి చూసుకున్నారు. అరచేతి మధ్యలో నల్లటి మసి రూపాయంత ఉంది. పంచెకు తుడుచుకోబోయి ఆగిపోయారు. ఇంకో బొట్టు పడింది. ఏసోబు మాత్రం ఆయన వైపు చూడలేదు. నేల చూస్తున్నాడు.

"గొట్టం మార్చు," అన్నారు ఆయన.

నాగులమ్మ తీరిగ్గా మొదలుపెట్టింది. ట్యాంకీలో ఉన్నదంతా డబ్బాలోకి దించి పిచ్చియ్య చేత దూరంగా పెట్టించింది. తీగ విప్పి ఎర్ర గొట్టం లాగితే అది ఆమె చేతిలోనే రెండు ముక్కలయింది. పైనా కిందా నట్లు విప్పి, పాత రాగి ముక్కల చివరలున్న ఇత్తడి మూతులు ఊడదీసుకుని, దిబ్బ అవతల కుంపటి దగ్గరికి వెళ్ళింది. జనం కూడా అటు నడిచారు. రాగి గొట్టాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచింది. అలా చేస్తే రాగి మెత్తబడుతుంది. రోకలి మొదలుకు ఆనించి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పింది. ఎక్కడా నొక్కు పడలేదు. రెండు చివరలా మూతులు తొడిగి, కడ్డీ కాల్చి తగరంతో మాటు వేసింది. తగరం వెండిలా కరిగి అంచు చుట్టూ పాకి ఆగింది. కుళాయి లోపలి బెండును చెంబులో మరుగుతున్న నీళ్ళలో వేసింది. ఎండి ముడుచుకున్న బెండు ఉబ్బి, తన చోటుకు సరిపోయేంత అయింది. గొట్టం ఒక చివర నోట్లో పెట్టుకుని, రెండో చివర వేలితో మూసి ఊదింది. గాలి పోలేదు.

నవ్వినవాళ్ళు ఇప్పుడు ఒకళ్ళ భుజాల మీదుగా ఒకళ్ళు తొంగి చూస్తున్నారు. ఎవరో "పానా అందియ్యి" అంటే ఇంకెవరో అందించారు.

నట్లు బిగించి, డబ్బాలో పెట్రోలు పోసి, కుళాయి విప్పింది. కొత్త బూడిద పరిచింది. అందరూ నిలబడ్డారు. ఎవరో పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టి వందకి ఆపేశారు. బూడిద చదునుగా ఉంది.

కందిపుల్ల దించితే అయిదు గాట్లు. ఆమె పుల్ల తుడిచి నరసింహారావు గారి చేతికిచ్చింది. ఆయన మసి లేని చేత్తో తీసుకున్నారు.

శుక్రవారం పొద్దున ఆయన ఆ పుల్లతోనే ఏసోబు గుడిసె దగ్గరికి వెళ్ళారు. మోకు తిరిగి తెచ్చుకుందామని వచ్చిన నాగులమ్మ అక్కడే ఉంది. నిలువు రాటలు తప్ప గుడిసె లేదు.

"అయిదే ఉందిరా. తగ్గలా," అన్నారు ఆయన.

"మంచిదయ్యా."

"బండి తుడవాలి. రా."

ఏసోబు వాసాల కట్టకు ముడి వేస్తున్నాడు. వేసి, లాగి చూసి, లేచి నిలబడ్డాడు. "నడికుడి పోతన్నామయ్యా. రైలు పట్టాల కాడ మనుషులు కావాలంట."

"గుడిసె ఉంచుకో. నేను పొమ్మనట్లా."

"విప్పింది మళ్ళీ ఇక్కడే కట్టడం ఎందుకులేయ్యా."

నరసింహారావు గారు పుల్ల వంక చూసుకుని వెనక్కి తిరిగారు. ఆ రోజు నుంచి నలభై రోజులు ఆయన తల్లి అంకమ్మ గుడిలో దీపం పెట్టించారు. ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగలేదు.

ఆదివారం ఎండ ముదిరే వేళ, బండి తోసుకుంటూ ఒక మనిషి షెడ్డు వైపు వస్తుంటే నాగులమ్మ ముందు గుర్తుపట్టలేదు. దగ్గరికి వచ్చాక తెలిసింది, నరసింహారావు గారే. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రొప్పుతున్నారు. గొలుసు తెగిందట.

పిచ్చియ్య లేవబోయాడు.

"నువ్వు కూర్చో," అన్నారు ఆయన. "నాగులమ్మని చూడమను."

స్టాండు ఎక్కించడం ఆయనకు చేతకాలేదు. రెండుసార్లు జారిపోయింది. నాగులమ్మ వచ్చి ఒక పక్క పట్టింది. ఆయన మొహం తుడుచుకుంటూ చాలాసేపు బండినే చూశారు.

"దీన్ని వాడు రోజూ ఎట్టా తోసేవాడు?" అన్నారు, ఎవరినీ అడగనట్టుగా.

నాగులమ్మ గుప్పెడు బూడిద తెచ్చి బండి కింద చల్లింది.

రాసింది: శాంతమ్మ, ఏసోబు భార్యను. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. నాకు డెబ్బై ఒకటో ఏడు. నడికుడిలో, రైలు పట్టాల పక్కన, మేము అప్పుడు మోసుకొచ్చిన వాసాలతో కట్టిన చోటే ఇప్పుడు పెంకుటిల్లు ఉంది. అందులో ఉంటున్నాను.